టిల్లెట్ గారు కాల్చబోయిన కవితలు

మా రెండు గదుల మధ్య ఉన్నది ఒక్క పలుచని గోడ. అయినా రెండేళ్ళలో టిల్లెట్ గారు నాతో అన్న మాటలు "గుడ్ మార్నింగ్", "వాన వచ్చేలా ఉంది", అంతే. లండన్‌లో, కామ్‌డెన్ టౌన్ వైపు అద్దె గదుల్లో అందరం అలాగే బతికేవాళ్ళం. మెట్ల మీద ఎదురైతే ఒకరికొకరు దారి ఇచ్చుకునేవాళ్ళం. ఎవరి తలుపు వాళ్ళు వేసుకునేవాళ్ళం.

నేను నా గదిలోనే మిషను పెట్టుకుని చొక్కాల దుకాణానికి కాలర్లు కుట్టేదాన్ని. ఆయనకు నలభై దాటాయి. పొడుగు మనిషి, కాస్త వంగి నడిచేవారు, కళ్ళద్దాలు సీసా అడుగంత మందం. ఒక అచ్చు కార్యాలయంలో రైళ్ళ టైము పట్టికలు దిద్దడం ఆయన ఉద్యోగం. ఆ కళ్ళ వల్లే యుద్ధానికి తీసుకోలేదు. ఆయన తమ్ముణ్ణి తీసుకున్నారు. ఆ అబ్బాయి తిరిగి రాలేదు. ఇదంతా నాకు తరవాత తెలిసింది. అప్పట్లో తెలిసిందల్లా, పని నుంచి వచ్చాక ఆయన ఒకే మాటను పదిసార్లు గొణుక్కుంటారనీ, ఆ వెంటనే కాగితం నలిపిన చప్పుడు వస్తుందనీ.

మా ఇంటావిడ మిసెస్ లమ్‌లీకి ఇంకో అనుమానం ఉండేది.

"ఆయన గదిలో ఎవరో ఆడమనిషి ఉంది, ఈడిత్. తనలో తను అంతసేపు ఎవరు మాట్లాడుకుంటారు?"

"ఉంటే చాలా ఓర్పు గల మనిషే అయ్యుండాలి. ఇంతవరకూ ఒక్క మాటకీ బదులు చెప్పలేదు" అన్నాను.

పందొమ్మిది వందల ఇరవైమూడు ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆయన తలుపు కింద నుంచి పొగ రావడం చూశాను. తట్టాను. పలకలేదు. తోసుకుని లోపలికి వెళ్ళాను. ఆయన పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూచుని, దారంతో బిగించిన కాగితాల కట్టను నిప్పుల్లోకి నెడుతున్నారు. అది అంచుల్లో నల్లబడి పొగలు కక్కుతోందే గాని అంటుకోవడం లేదు.

"కట్టని కట్టలాగే పెడితే కాలదండీ. విడదీసి వెయ్యాలి" అన్నాను.

"అలాగా" అన్నారు ఆయన బుద్ధిగా. "నాకు తెలీదు. ఎప్పుడూ ఏదీ కాల్చలేదు."

పట్టకారుతో కట్ట బయటికి లాగి, కిటికీ తెరిచాను. ఏమిటివి అని అడిగాను. కవితలు అన్నారు, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు. బల్ల మీద ఒక ఉత్తరం విప్పి ఉంది. కొత్త తరహా కవిత్వం వేసే ఒక చిన్న పత్రిక సంపాదకురాలు మిస్ థేన్ రాసింది. దాన్ని నా చేతికిచ్చారు. "మీ కవితల్లో గ్రీకు ఉంది, లాటిన్ ఉంది, పాడుబడ్డ నగరాలు ఉన్నాయి. మీరెక్కడా కనిపించలేదు. మీరెక్కడున్నారు?" అని ఉంది అందులో.

"గ్రీకు మీకెక్కడ వచ్చింది?" అన్నాను.

"రాదు. గ్రంథాలయంలో పుస్తకం చూసి వేశాను. ఇప్పుడు రాసేవాళ్ళంతా వేస్తున్నారు. వాళ్ళు పెద్ద చదువులు చదివారు, యుద్ధం చూశారు. నేను రైళ్ళు దిద్దుకునేవాణ్ణి, మిస్ పర్కిస్. 'నేను' అని రాసి, ఈ నేను ఎవడు, వీడి మాట ఎవరిక్కావాలి అనుకుంటాను. వెంటనే కొట్టేస్తాను."

దారం తెగి కాగితాలు చెదిరాయి. అడుగున ఉన్న ఒకదాన్ని అందుకున్నాను. అందులో గ్రీకు లేదు. గోడకి అవతల ఒక కుట్టు మిషను, ఇవతల ఒక మనిషి. అది గడియారంలా ఆగకుండా నడుస్తూ ఉంటుంది, ఇతను వింటూ ఉంటాడు. అంతే. ప్రాస లేదు, పాడుకోవడానికి తాళం లేదు. నాకు చెవులు వేడెక్కాయి.

"ఇది తప్పు" అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. "మిమ్మల్ని అడక్కుండా రాయకూడదు. నాకు తెలుసు."

"అది కాదండీ. నా మిషను ఆగకుండా ఎప్పుడు నడిచింది? సరిగ్గా వినలేదు మీరు."

ఆయన్ని నా గదికి తీసుకెళ్ళి కుట్టి చూపించాను. కాలరు మూల దాకా వచ్చాక ఆపాలి. సూదిని గుడ్డలోనే ఉంచి, గుడ్డను తిప్పి, మళ్ళీ తొక్కాలి. ఆగకపోతే మూల గుండ్రమైపోతుంది, దుకాణం వాళ్ళు తిప్పి పంపేస్తారు. ఆయన నా భుజం వెనక నిలబడి ఆరు కాలర్లు చూశారు.

"ఆగినప్పుడు సూది లోపలే ఉంటుందా?" అని రెండుసార్లు అడిగారు. పైకి తీస్తే కుట్టు తప్పిపోతుందని చెప్పాను. సరే అని, తలుపు వెయ్యడం కూడా మరిచిపోయి వెళ్ళిపోయారు.

మూడు వారాల తరవాత ఒక కాగితం నా తలుపు కింద నుంచి లోపలికి జారింది.

గోడ అవతల మిషను నడుస్తోంది
ఆగింది
ఊపిరి బిగబట్టాను
మళ్ళీ నడిచింది. నా కోసం కాదు.

ఇంకా చాలా ఉంది గాని, ఇప్పటికీ చూడకుండా చెప్పగలిగేది ఈ నాలుగు వరుసలే. చదివి ఆ పూటకి పని కట్టిపెట్టాను. కవిత్వం సంగతి నాకు తెలియదు. కాని పెళ్ళికాని ముప్పైయారేళ్ళ మనిషిని, నా చప్పుడు ఎవరైనా వింటున్నారని ఎన్నడూ అనుకోలేదు.

దాన్ని పత్రికకు పంపడానికి ఆయన ఒప్పుకోలేదు. కవరు మీద చిరునామా రాసి, పోస్టు డబ్బా దాకా వెళ్ళి, తిరిగొచ్చేవారు. మూడోసారి అలా వస్తుంటే మెట్ల మీద నేనే అడ్డంగా నిలబడ్డాను.

"ఇలా ఇవ్వండి. కాలర్లు ఇవ్వడానికి ఎలాగూ అటే వెళ్తున్నా."

"బాగా లేదేమోనండి."

"బాగా లేకపోతే వాళ్ళే చెప్తారు. వాళ్ళ పని కూడా మీరే చేస్తారా?"

మిస్ థేన్ అచ్చు వేసింది. జూన్‌లో ఒక శనివారం సాయంత్రం, పత్రికలో రాసేవాళ్ళు ఒక పుస్తకాల దుకాణం మేడ మీద కలిసినప్పుడు, వచ్చి చదవమంది. తోడు రమ్మని ఆయన అడగలేదు. కాని ఆ ఉదయం నా తలుపు దగ్గరికి నాలుగుసార్లు వచ్చి, నాలుగుసార్లూ ఎండ గురించే మాట్లాడి వెళ్ళారు. ఇక నేనే టోపీ పెట్టుకుని ఆయనతో బయల్దేరాను.

ఇరవై కుర్చీలు, పైపుల పొగ. ఆయన నిలబడి రెండు వరుసలు చదివి ఆగిపోయారు.

"క్షమించండి. ఇది కవితో కాదో నాకు తెలీదు" అన్నారు.

ముందు వరుసలో ఒక ముసలాయన నోట్లోంచి పైపు తీశాడు. "మాకూ తెలీదు బాబూ. మాలో ఎవరికీ తన సొంత కవిత సంగతే తెలీదు. చదవండి."

అక్కడున్న వాళ్ళంతా తలలు దించుకుని చిన్నగా నవ్వారు. అందులో ఎగతాళి లేదు. చుట్టూ చూశాను. చిరిగిన కోటు వాళ్ళూ ఉన్నారు, మంచి బూట్ల వాళ్ళూ ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక కాగితం మడత ఉంది. ఎవరి మడత వాళ్ళు దాచుకున్నట్టు పట్టుకున్నారు. మా ఇంటి మెట్ల మీద ఎదురయ్యే మనుషుల్లాగే అనిపించారు నాకు.

ఆయన మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి, ఆగవలసిన చోటల్లా ఆగుతూ చదివారు. "నా కోసం కాదు" దగ్గరికి వచ్చేసరికి నా నోరు నన్ను అడక్కుండానే తెరుచుకుంది.

"మీరు ఎప్పుడైనా అడిగారా?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "లేదు" అన్నారు. మిస్ థేన్ కుర్చీలో వెనక్కి తిరిగి నన్ను చూసి, "అయితే ఆ గోడవతలి మనిషి మీరేనన్నమాట" అంది. ఆ వేళ ఆయన మిగతా భాగం చదవనే లేదు.

ఇద్దరం కాలవ గట్టు మీదుగా నడుచుకుంటూ వచ్చాం. దారిలో ఆయన అడిగారు. మరుసటి ఏప్రిల్‌లో పెళ్ళి చేసుకున్నాం. గోడలో తలుపు పెట్టించమని మిసెస్ లమ్‌లీని అడిగితే, "రెండు గదుల అద్దె మానరు కదా?" అని ఖాయం చేసుకుని మరీ ఒప్పుకుంది.

పెళ్ళి ఆయన సందేహాన్ని ఏమీ చెయ్యలేకపోయింది. ఇరవయ్యేడేళ్ళలో ఆయన పూర్తి చేసినవి పందొమ్మిది కవితలు. ప్రతిదాన్నీ పంపొద్దనే అన్నారు. ప్రతిదాన్నీ నేనే డబ్బాలో వేశాను. పద్నాలుగు కవితలతో ఒక చిన్న పుస్తకం వచ్చింది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కాని కార్లైల్ అనే ఊరి నుంచి ఒక బడిపంతులమ్మ ఉత్తరం రాసింది. బోర్డింగ్ బడిలో తన గది మెట్ల చివర ఉంటుందనీ, ఎవరైనా ఎక్కి వస్తున్నారేమోనని రోజూ వింటుందనీ, ఆ వినడం తన పిచ్చి అనుకునేదనీ రాసింది. కవిత రాయడానికి ఏడాది పట్టే మనిషి ఆమెకు ఆ పూటే ఆరు పేజీల బదులు రాశారు, ఒక్క మాట కొట్టెయ్యకుండా. అలాంటి వాళ్ళు మరికొందరు చేరారు. కార్డిఫ్‌లో ఒక గని కార్మికుడు, డబ్లిన్‌లో ఒక నర్సు. ఎవరినీ మేము చూడలేదు.

పోయిన మార్చిలో ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. ఆయన పోయినట్టు ఆ మనుషులందరికీ నేనే రాశాను. బడిపంతులమ్మ వెంటనే జవాబిచ్చింది. ఇప్పుడు ఆమెకు కళ్ళు సరిగా కనబడవట, అక్షరాలు పెద్దవిగా రాయమంది. వచ్చే వారం రైల్లో ఇక్కడికి వస్తానంది. ఆమె కోసం తలుపు అవతల ఆయన గది తుడిపించాను.