నాలుగో అంచు

మా వియ్యపురాలు పోయిందని మల్కాపురం నుంచి ఫోను వచ్చేసరికి నేను ఆవిడ మీద చిరాకుగా ఉన్నాను. మనవరాలి బొంత ఇంకా కుట్టి పంపలేదని ఆ రోజు గట్టిగా అడిగేద్దామనుకుని, మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. తెల్లారుతూనే గుండె ఆగిందట. నా మాటలు నా దగ్గరే ఉండిపోయాయి.

పోయినవాళ్ళందరినీ దేవతలను చేసేస్తాం మనం. ఆవిడకు ఆ పని చెయ్యను. చేస్తే ముందు నవ్వేది ఆవిడే.

ఆ బొంత మొదలుపెట్టింది నేను. కోడలు నీళ్ళోసుకున్నప్పుడు పాత చీరలు ముక్కలు కోసి, చేత్తో జత చేస్తూ వచ్చాను. పాప పుట్టేలోపు అయిపోతుందనుకున్నది, పాపకు పరుగులు వచ్చినా తెమల్లేదు. ఓసారి వియ్యపురాలు గాజువాకలో మా ఇంటికొచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటొదినా, ఇది పాపకా, పాప పెళ్ళికా?"

నోటి పదునుకు మా వీధిలో పేరున్నది నాకు. ఆ రోజు మాత్రం కాఫీ కలిపే వంకతో లోపలికి వెళ్ళిపోయాను.

పొరలు దళసరిగా ఉన్నాయి, చేతిసూది దిగదు, తన కాలిమిషను మీద కుట్టేస్తానని పట్టుకెళ్ళింది. నా కుట్లు మరీ వంకరపోయిన మూల ఓ నల్లగుడ్డ ముక్క వేసి, "ఇంత అందానికి దిష్టి తగుల్తాది వదినా" అంది, మొహం కదలకుండా. బొంతకు ఒకవైపు నా వెంకటగిరి చీర, రెండోవైపు ఆవిడ పువ్వుల నూలుచీర. మగపిల్లాడి తరఫువాళ్ళం, మాది పైకి రావాలన్నాను.

"అలాగే, మీదే పైనెయ్యండి. పాప ఒంటికి తగిలేది నా సీరే కదా!"

కోడలు ద్వారకా నగర్‌లో ఆఫీసుకు వెళ్తూ పాపను దారిలో, మల్కాపురంలో వాళ్ళమ్మ దగ్గర దించేది. మధ్యాహ్నం పాప నిద్ర మిషను పక్కన చాప మీదే. వేలాడే బొంత కొసను గుప్పిట్లో పట్టుకుని పడుకునేది. కుట్టు సాగేకొద్దీ కొస పైకి జరిగేది, దాంతో పాటు ఆ చిన్న చెయ్యీ లేచేది. ఆవిడ మిషను ఆపి, గుడ్డ కిందకి వదిలి, మళ్ళీ తొక్కేది. ఓసారి వెళ్ళినప్పుడు అది చూసి నాకు ఒళ్ళు మండింది.

"పిల్లను అవతల గదిలో పడుకోబెడితే ఈపాటికి అయిపోయేది కదా వదినా!"

"అయిపోతే ఏటట్టుకుని తొంగుంటాది వదినా? కాలు తొందరపడితే దారం తెగిపోద్ది. మెల్లగవనీండి."

కర్మలన్నీ అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు, కోడలికి తోడుగా నేను ఆవిడ ఇంట్లోనే ఉండిపోయాను. పాప మధ్యాహ్నం నిద్ర మానేసింది. కళ్ళు మూతలు పడుతున్నా మిషను చుట్టూ తిరుగుతోంది.

"అమ్మ తొక్కుతుంటేనే పడుకునేది అత్తయ్యా. నాకా తొక్కడం రాదు," అంది కోడలు, పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

నాకూ రాదు. కానీ సూది కింద బొంత అలాగే ఉంది. మూడు అంచులు అయిపోయాయి, నాలుగోది మిగిలింది. కూర్చున్నాను. చక్రం వెనక్కి తిరిగింది, దారం తెగింది. ఎక్కించాను. మళ్ళీ తెగింది. మూడోసారి ఆవిడ మాట విన్నాను. బతికుండగా వినలేదనుకోండి.

కాలు కుదురుకున్నాక పాప వచ్చి చాప మీద పడుకుంది. కొస అందుకుంది. చెయ్యి లేచినప్పుడల్లా ఆపాను, గుడ్డ వదిలాను, మళ్ళీ తొక్కాను. అంత నిదానంగా నేను జీవితంలో ఏ పనీ చెయ్యలేదు.

అంచు పూర్తయింది. దారం తెంపి, వంగి బొంత పాపకు కప్పాను, పువ్వుల చీర ఒంటికి తగిలేలా. చప్పుడు ఆగేసరికి పాప కదిలింది, కనురెప్పలు అదిరాయి.

గబుక్కున మళ్ళీ కూర్చున్నాను. సూది కింద గుడ్డ లేదు, దారం లేదు. మెల్లగా, ఉత్త మిషనే తొక్కుతూ ఉన్నాను.