నిద్రపోయిన గడ్డికి వజూ నీళ్లు

అల్లాహ్‌కు స్తోత్రం. వేరుకు చీకటిని, ఆకుకు వెలుతురును పంచి ఇచ్చినవాడు ఆయన. ఎండను ప్రేమించే గడ్డిని పుట్టించి, చలికాలంలో దానికి నిద్రను కూడా రాసిపెట్టినవాడు ఆయన. అది తెలియక నేను పడిన తొందరను సహించినవాడూ ఆయనే.

కోరుట్లలో నేను పిల్లలకు ఖురాన్ నేర్పే మసీదు ముందు రెండు గుంటల జాగాలో గడ్డి ఉంది. జగిత్యాల నర్సరీ నుంచి తెచ్చి నాటించిన, గరిక జాతి సన్న గడ్డి. శుక్రవారం లోపల చోటు చాలకపోతే జనం దాని మీదే నమాజు చేస్తారు. పండుగనాడు ఇక చెప్పనక్కర్లేదు. నుదురు ఆనే చోటు కాబట్టి దానికి పేడ ఎరువు వేయం. వేపాకు, చింతాకు గుంతలో కుళ్లబెట్టి, జల్లించి వేస్తాం.

దాన్ని చూసుకునేది ఒక పెద్దమనిషి. అందరూ కాకా అని పిలుస్తారు. సిరిసిల్లలో ముందు చేతిమగ్గం, తర్వాత పవర్‌లూమ్ నడిపి, చూపు తగ్గాక ఇటు వచ్చాడు. గేటు పక్క గదిలో ఆయనా, ఆయన భార్యా ఉంటారు. వీలైన మంగళవారం కొండగట్టు గుడికి వెళ్లివస్తాడు, మిగతా రోజులన్నీ గడ్డిలోనే. ఆయన గడ్డిని చూసే తీరు వేరు. మోకాళ్ల మీద కూర్చుని, బట్టలో తెగిన పోగును వెతికినట్టు అరచేయి ఆనించి జరుగుతూ పోతాడు. ఎక్కడైనా ఖాళీ తగిలితే పక్క నుంచి వేరున్న తీగ తెచ్చి, పోగు అతికినంత శ్రద్ధగా రెండు కొసలూ మట్టిలో నొక్కుతాడు.

నమాజుకు ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసిన నీళ్లు మురికి కాలువలో కలవడం నాకు ఎప్పుడూ మనసొప్పేది కాదు. నిరుడు వేసవిలో మేస్త్రీని పిలిచి, వజూఖానా నుంచి గడ్డికి చిన్న కాలువ తీయించాను. అంత ఎండలోనూ గడ్డి కళకళలాడింది. ఆ నీళ్లు వృథా కానందుకు నేను చాలా సంతోషించాను. బహుశా కాస్త గర్వపడ్డాను కూడా.

డిసెంబరు చలికి గడ్డి పండుబారింది. అది ఏటా జరిగేదే. ఈసారి మాత్రం జనవరి వచ్చేసరికి నడుమ పెద్ద మచ్చ నల్లబడి పాచి పట్టింది. అడుగు వేస్తే జిగటగా తగిలేది. ఒక శుక్రవారం నమాజు అయ్యాక మసీదు కమిటీ అధ్యక్షుడు సదర్ సాబ్ ఆ మచ్చ దగ్గర నిలబడి చెప్పుతో గీకాడు.

"క్యా కాకా, పుట్టగొడుగులు పెంచుతున్నవా?" అన్నాడు. జనం నవ్వారు. "సాలు తియ్యి. గీ ఈద్ లోపల్నే టైల్స్ ఏపిద్దాం. కడిగితే సాఫ్. మాలీతోని పనే ఉండది."

కాక గేటు గది వైపు ఒకసారి చూశాడు. సిరిసిల్లలో అద్దె ఇల్లు వదిలి చాలాకాలమైంది. గడ్డి పోతే ఈ గదీ పోతుంది.

అందరూ వెళ్లాక ఆయన దగ్గర కూర్చున్నాను. "ఏమైంది కాకా దీనికి? తెగులా?"

"తెగులు గాదు. చెప్పుమంటరా సాబ్?"

"చెప్పు."

"గడ్డి సలికి పండుకుంటది. పండుకున్నోనికి నీళ్లు తాగవోస్తే తాగుతడా? మీరు దినాం అయిదు పూటల పోస్తుండ్రి. ఏర్లు మురుగవడ్డయి."

"మరి కాలువ మలపొచ్చు గద!"

"అవి మీరు దేవునికి కడుక్కున్న నీళ్లాయె. నేనెట్ల మలుపుత? కండ్లు పోతయని భయమైంది. ఉన్నయే సగం."

నవ్వు రాబోయి ఆగిపోయింది. నా భక్తికి ఆయన మర్యాద ఇచ్చాడు. ఆ మర్యాద ఆయన గది మీదికే వచ్చింది. ఖురాన్ కంఠస్థం చేసిన హాఫిజ్‌ని, చచ్చిన నేలను ప్రభువు బతికిస్తాడన్న వాక్యాలన్నీ నాకు వచ్చు. నేల ఎప్పుడు నీళ్లు వద్దంటుందో మాత్రం అడిగి తెలుసుకోలేదు.

మరుసటి శుక్రవారం నమాజు ముగిసి జనం లేవకముందే నిలబడి, తప్పు కాకది కాదు, నాదని చెప్పాను. వాళ్ల పిల్లలకు పాఠం చెప్పే నోటితో ఆ మాట అనడం తేలిక కాలేదు.

సదర్ సాబ్ గడ్డం నిమురుకున్నాడు. "హాఫిజ్ సాబ్, మీరు అందరి ముందట గిట్లంటే నేనేమనాలె? సరే, ఈద్ దాకా సూద్దాం. అప్పటికి పచ్చగ గాకుంటే మాత్రం టైల్సే."

ఆ సాయంత్రమే కాలువను గోడ వెంట ఉన్న కానుగ చెట్లకు మలిపాం. కాక మచ్చను ఇరవై రోజులు ఎండనిచ్చాడు. తర్వాత కుళ్లిన పొర గీకేసి, గడ్డపారతో జానెడు దూరాన ఒక్కో పోటు పొడిచి ఇసుక నింపాడు. శివరాత్రి దాటి ఎండ ముదరడం మొదలయ్యాక, తాడు కట్టి వరుసలు తీసి, మంచి గడ్డి నుంచి తెచ్చిన తీగలు నాటాడు. పైన పలచగా ఆకు ఎరువు చల్లాడు. జల్లెడ పట్టింది నేనే. నీళ్లు పొద్దున ఒక్కసారి, లోతుగా. మళ్లీ మట్టి ఆరాకే. యూరియా తెమ్మంటావా అని అడిగితే కసిరాడు.

"మొలక పచ్చగ కనవడేదాక ముట్టద్దు. ఆకలి గాకముందే తినవెడితే అరుగుతదా?"

రంజాన్ మొదలైంది. ఒక పొద్దున ఫజర్ నమాజు ముగించి బయటికి వస్తే కాక పిలిచాడు. "సాబ్, చెప్పులిడిసి రాండ్రి." వంగి చూశాను. తీగ కణుపు కణుపు దగ్గరా సూది మొనంత పచ్చదనం. మధ్యాహ్నం సదర్ సాబ్ కూడా వచ్చి చూశాడు. గడ్డి అంచున పెట్టిన తన బండిని తోసుకుపోయి గేటు బయట నిలిపాడు.

పండుగకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. మచ్చ సగం పైగా నిండింది. వజూఖానా వైపు మూల మాత్రం ఇంకా మట్టిరంగులోనే ఉంది. కాక ఇవాళ కూడా అక్కడే, అరచేయి నేలకు ఆనించి కూర్చున్నాడు. ఇది చదివే మీరు నాతోపాటు చేతులెత్తండి. ప్రభూ, ఆ మూలకు కూడా ప్రాణమివ్వు. ఆ ముసలి జంటను ఆ గదిలోనే ఉండనీ. ఆమీన్ అనండి.