నేను చెప్పిన ఎర్ర చీరామె

"ఆమె పోయిందా, యాదమ్మా?"

"పోయిందయ్యా. నువ్వు పండుకో."

"మరి నీ ఎనక నిలవడ్డదెవలే?"

మా ఆయన నర్సింహకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. పట్టపగలు, దవాఖాన మంచం మీద. నా వెనక ఉన్నది ఉత్త గోడ. అయినా చాలాసేపు తిరిగి చూడలేకపోయాను.

ఇది కరోనా పోయిన మరుసటి ఏడు సంగతి. ఇబ్రహీంపట్నంలో ఆయన ల్యాండ్‌స్కేప్ పెయింటర్. అంటే మనుషుల బొమ్మలు కాదు, గుట్టలు, నీళ్ళు, చేలు గీసేవాడు. ఏదైనా అక్కడికి పోయి, చూసి గీయాల్సిందే. షుగర్ వచ్చి చూపు దెబ్బతిన్నాక దూరంగా ఉన్నవన్నీ మసకైపోయాయి. చేతికందేంత దగ్గరిది మాత్రం కంటికి ఆనేది. అప్పటినుంచి చూడటం నా పని, గీయడం ఆయన పని. హారిజాన్ అనేవాడు, అంటే నింగీ నేలా కలిసే గీత. నేను చెయ్యి చాపి, ఆ గీత మీద గుట్ట ఎన్ని వేళ్ళ ఎత్తుందో కొలిచి చెప్పేదాన్ని. నిజమేనా అని ఆయన ఒక్కనాడూ అడగలేదు.

శేరిగూడలో ప్లాట్లు అమ్మే ఒకాయన తన ఆఫీసు గోడకు మా పెద్ద చెరువు బొమ్మ కావాలన్నాడు.

"ఉట్టి నీళ్ళేనా నర్సింహన్నా? బోసిగుంటది. ఒక మనిషినన్న పెట్టు" అన్నాడు.

"ఉంటె పెడత, లేకుంటె పెట్ట" అన్నాడు మా ఆయన.

రెండు రోజులు చెరువు కట్ట మీద కూర్చున్నాం. నీళ్ళ దగ్గరికి ఎవరూ రాలేదు. "ఎవలన్న కనవడ్డరా?" అని గడియకోసారి అడిగేవాడు. ఎండకు నా తల పగిలిపోతోంది. ఎట్లాగైనా ఇంటికి పోదామని అనేశాను: "అగో, ఎర్ర చీరామె. ఒడ్డుకు నిలవడ్డది. వీపు ఇటున్నది."

అక్కడ ఎవరూ లేరు. ఆయన సంబరంగా గీశాడు.

మర్నాడు అడిగాడు, "చీర మడతలు మిగిలినయ్. నిన్నటామె వచ్చిందా?"

"వచ్చింది" అన్నాను.

ఆ మరుసటి రోజు నేను నోరు తెరవకముందే నవ్వాడు. "ఇయ్యాల ఇటు మర్లిందే. నువ్వు చెప్పవైతివి."

"నీకు గంత పెద్ద గుట్టే ఆనది, గామె ఎట్ల ఆనిందయ్యా?"

"ఏమో. ఆమె ఒక్కతే ఆనుతున్నది."

నీళ్ళ వైపు చూశాను. ఎవరూ లేరు. క్యాన్వాస్ వైపు చూశాను. అందులో ఆమె మా వైపు తిరిగి ఉంది. గడ్డం కింద మూడు పచ్చబొట్టు చుక్కలు. అవి నేను చెప్పినవి కావు.

అబద్ధమాడానని ఆ రోజే చెబుదామనుకున్నాను. చెబితే ఇక నా కళ్ళను నమ్మడు, కుంచె పట్టడు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే బొమ్మ పూర్తయి ఆఫీసుకు పోయింది, ఆయన జ్వరమొచ్చి దవాఖానలో పడ్డాడు. అక్కడా ఆమెనే అడిగాడు. అసలు ఆమె లేనేలేదని చెప్పుకోవడానికి నాకు దొరికిన ఆఖరి క్షణం అది. పోయిందన్నాను.

ఆయన దినాలయ్యాక ఆ ఆఫీసుకు పోయాను. బొమ్మ గోడకుంది.

"ఎవలమ్మా ఈమె? వచ్చినోళ్ళందరు గదే అడుగుతున్రు" అన్నాడు ఆ ప్లాట్లాయన.

"నాకెర్కలేదు బిడ్డా."

ఆమె గురించి నేను పలికిన మొదటి నిజం అది.

ఇంకొకరి బదులు చూసే పని నాది. ఉన్నదాన్ని తప్పుగా చెబితే దిద్దుకోవచ్చు. లేనిదాన్ని చెబితే, అది వచ్చాక వెనక్కి పంపడం మన చేతిలో ఉండదు.

నాకు సంతకం వరకే వచ్చు. ఇదంతా రాస్తున్నది మా తమ్ముడి బిడ్డ స్వప్న.

స్వప్నా, మొదటిసంది సదువు బిడ్డా. నేను చెప్పనిది ఒక్కటన్న అండ్ల వచ్చిందేమో ఇనాలె.