పట్టుకొంగు తిన్న కీచురాళ్లు

మాది గద్వాల, నేతపనివాళ్లం. పంతొమ్మిదివందల తొంభైల్లో మా ఆయనకు ఊసరవెల్లిని పెంచే పిచ్చి పట్టింది. దాని మేతకని పట్నంలో పిట్టలమ్మేవాళ్ల దగ్గర డబ్బాడు కీచురాళ్లు కొనితెచ్చి కుండలో పోశాడు. మూతికి గంజి పెట్టిన నూలుగుడ్డ కట్టాడు. గంజి వాసనకు పురుగులు గుడ్డను కొరుకుతాయని నేతింట్లో పుట్టిన మనిషికి తెలియదా?

తెల్లారి చూస్తే గుడ్డ నిండా చిల్లులు, కుండ ఖాళీ. మగ్గం మీద పూర్తికావచ్చిన పట్టుకొంగంతా కొరికిపెట్టాయి. నా ఒళ్లు మండిపోయింది. ఆయన మాత్రం కుండలోకి తొంగిచూసి, "పాపం, ఆకలైనట్లుంది. నిన్న వాటికి మేత ఎయ్య మర్చిన" అన్నాడు.

"పది దినాల సంది ఈ మగ్గం గుంతల కూసోని నేస్తున్న. నేను తిన్ననా అని ఒక్కనాడన్న అడిగినవా?" అని అరిచాను.

ఆయన కుండ పట్టుకుని కీచురాళ్లను వెతకబోయాడు. కొంగు నేనే మళ్లీ నేశాను.