ముడి వేయని మాట

రాష్ట్రం వచ్చిన ఆరో ఏడు, మృగశిర కార్తెకు వారం ముందు, నన్ను నల్లగొండలో వేశారు. హోదా: సీనియర్ భాషా విశ్లేషకుడు, ప్రాంతీయ నుడికారాల విభాగం. అంత పొడుగు హోదా విజిటింగ్ కార్డుకు రెండు వైపులా అచ్చు వేస్తే గాని పట్టేది కాదు. విభాగమంటే మాత్రం విత్తనాల దుకాణం మీది గదిలో నేను, సైదులు అనే సహాయకుడు, గంటకోసారి తిరిగే ఫ్యాను.

రైతు పంట గురించి ఫోన్ చేస్తే కంప్యూటరే విని, కంప్యూటరే జవాబు చెప్పాలి. అదేమో మాటలను విడివిడిగా నమిలే జంతువు. ‘చేతులెత్తేసిండు’ అంటే ఎవరో చేతులు పైకి లేపారనుకుంటుంది. అలా కలిసి ఒకే అర్థమిచ్చే మాటలను కట్టగా కట్టి పక్కన అర్థం రాయాలి. దీన్ని ముడి వేయడం అనేవాళ్లం. నేను ఈ జిల్లావాణ్నే కనుక నా ముడులను తనిఖీ చేసే నాథుడు లేడు. ‘నోట్లె నాలుక లేనోడు’ మొదలుకొని కోటానుకోట్లు వేశాను. “పోచంపల్లిల నూలుకు సుత గిన్ని ముడులెయ్యరు సార్” అనేవాడు సైదులు.

కంప్యూటరుకు గొంతు అరువిచ్చింది నకిరేకల్ దగ్గర గొర్లు కాసే అండాలమ్మ. సైదులు చెప్పిన వాక్యాలను పది రోజులు పలికింది. ఆ గొంతు ముక్కలు అతికించి, ఆమె ఎన్నడూ అనని మాటలు కూడా కంప్యూటరు అనేది. మొదటిసారి విన్నప్పుడు ఆమె చెవులు మూసుకుంది.

“నేను సచ్చినంక సుత గిది మాట్లాడ్తదా సారూ?”

“జీతం లేకుండ మాట్లాడ్తది” అన్నాను. ఆమె నవ్వలేదు.

పరీక్షలు మొదలైన నాలుగో రోజు మధ్యాహ్నం ఒక కాల్ వచ్చింది. మా తనిఖీ కోసం మాటలు స్పీకరులో వినబడేవి.

“సారూ, నేను అండాలమ్మ కొడుకు యాదగిరిని. మా అమ్మకు పురుగు ముట్టింది. అమ్మ ఫోన్ల మీ నంబరే దొరికింది, జర బండి పంపుండ్రి.”

కంప్యూటరు ఎంతో ఆదరంగా, అండాలమ్మ గొంతుతోనే అడిగింది: “ఏ పంటకు బిడ్డా?”

“అమ్మా?”

“ఆకు రంగు మారిందా?”

“కాలు నల్లవడ్తాంది. గడ్డిమోపు లేపంగ ముట్టింది. నువ్వు గీడనే పండుకుంటివి గదనే, గాడ ఎవలు మాట్లాడ్తాండ్రు?”

“ఫికర్ చెయ్యకు బిడ్డా. నలుపు ఆకు అంచులనా, నడుమనా?”

గది నిండా ఎండ. అయినా నా మెడ మీద ఉన్న నాలుగు వెంట్రుకలూ నాలుగు వందలై లేచాయి.

మా వైపు పామును పాము అనరు. పేరు తీస్తే వస్తుందని భయం. పురుగు అంటారు, కరిచింది అనరు, ముట్టింది అంటారు. పుట్టినప్పటి నుంచి విన్న మాట. ముడి వేయాల్సిన మాటలు ఏరే జాబితాలో ఎన్నోసార్లు కళ్ల ముందు నుంచే పోయింది. ముడి వేయలేదు.

మీట నొక్కి కాల్ నా వైపు లాక్కున్నాను. అమ్మను నడిపించవద్దని, కాలు కదలనివ్వవద్దని చెప్పి, జాగా అడిగి అంబులెన్సు పంపించాను. దవాఖానకు ముందే కబురు పెట్టాను. తిరిగి చూస్తే తెర మీద కంప్యూటరు సలహా సిద్ధంగా ఉంది: ‘చల్లపొద్దున పిచికారీ చెయ్యి బిడ్డా.’

అండాలమ్మ బతికింది. మూడు వారాలకు కర్ర పట్టుకొని మా మెట్లెక్కి వచ్చింది.

“నేను నోరు లేవక మంచంల పడున్న. నా గొంతేమో నా కొడుకుతోని పంట ముచ్చట వెట్టిందట. గా మాటకు అర్థం తెల్వకుంటె నన్నడగకపోతివా సారూ?”

“నాకు తెలుసు అండాలమ్మా.”

“తెలిస్తె దానికెందుకు చెప్పకపోతివి?”

సైదులు ఫ్యాను వైపు చూశాడు. నేను కూడా చూశాను.

వింతగా తోచిన ప్రతి మాటకూ ముడి వేశాను. ఇది నాకు వింతగా తోచనే లేదు. ఆ వారమే పైఅధికారులకు రాసి, కోస్తా నుంచి ఒక ఉద్యోగినిని రెండో తనిఖీకి తెప్పించాను. ఆమె మొదటి రోజే “అంటే ఏంటండీ?” అని నలభై చోట్ల ఆపింది. అందులో ముప్పై తొమ్మిది నా లెక్కలో మామూలు మాటలే. పదవీ విరమణ దాకా ఆ నియమం మార్చలేదు: ఒక ప్రాంతం నుడికారాలను వెతకడానికి ఆ ప్రాంతంవాణ్ని ఒక్కణ్నే కూర్చోబెట్టకూడదు.