వావిలాకు వాసన

మందు పడ్డాక ఎలుకల కాళ్ల వాపు ఎంత తగ్గిందో కొలవడం టొరంటోలోని ఒక ల్యాబ్‌లో రూపవతి ఉద్యోగం. ఈసారి పరీక్ష వావిలాకు మీద. ఏ ఎలుకకు ఆకు రసం పట్టారో, దేనికి వట్టి నీళ్లు పట్టారో కొలిచే మనిషికి తెలియకూడదు. కానీ ముక్కు ఊరుకుంటుందా? తను బాలింతగా ఉన్నప్పుడు అమ్మ ఆ ఆకు మరిగించిన నీళ్లే పోసింది. ఎలుక మూతి దగ్గర ఆ వాసన తగలగానే ఆమె వేళ్లు కొలత పరికరాన్ని కాస్త గట్టిగా నొక్కేవి. వాపు తగ్గినట్టు అంకె వచ్చేది.

సంగతి గ్రహించి తనే వెళ్లి పైవాళ్లకు చెప్పేసింది. ఆ ఎలుకలన్నిటినీ చంపేసి, కొత్తవాటితో మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి కొలిచింది తోటి ఉద్యోగి జేసన్. ఇక్కడే పుట్టి పెరిగిన అతనికి ఆ వాసన ఏమిటో తెలియదు. వాపు రవ్వంత కూడా తగ్గలేదని తేలింది.

ఆ సాయంత్రం నార్త్ యార్క్‌లోని తమ అపార్ట్‌మెంట్‌లో, రూపవతి ఎప్పటిలాగే ఎండు వావిలాకు మరిగించి అమ్మ వాచిన మోకాళ్లకు కాపడం పెట్టింది.

“చూడవే రూపా, నిన్నటి మీద తగ్గలేదూ?” అమ్మ ఆశగా అడిగింది.

రూపవతి వేలితో నొక్కి చూసింది. నిన్నటంత గుంటే పడింది.

“తగ్గిందమ్మా,” అంది.