సీసం పొడి

గఫూర్ తండ్రి పుంగనూరులో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. స్టీలు సామాన్లొచ్చి ఆ పని పోయాక గఫూర్ అదే విద్యను కార్ల మీదికి మళ్లించాడు. పాత ఫియట్లు, అంబాసిడర్లలో తుప్పు తిన్న రేకు కోసి కొత్త ముక్క అతుకుతాడు. అతుకు మీద కళాయి పట్టించి, గ్యాస్ మంటకు సీసం కడ్డీని వెన్నలా మెత్తబరిచి, చెక్కతో పూసి నునుపు చేస్తాడు. లప్పం పెడితే వానలకు పగులుతుందని, పాత కార్ల మీద మోజున్నవాళ్లు కుప్పం నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

ఇన్నేళ్లూ గట్టిపడ్డ సీసాన్ని ఆకురాయితోనే అరగదీశాడు. కిందటేడు కరెంటు గ్రైండరు కొన్నాడు. పని తొందరగా అయ్యేది. ఇంటి పక్కనే ఉన్న షెడ్డంతా బూడిదరంగు పొడి కమ్మేది.

ఆ తర్వాతే కడుపునొప్పి మొదలైంది. గ్యాస్ అనుకొని మాత్రలు మింగాడు. ఒకరోజు కుప్పం పురుషోత్తం తన ఫియట్ పని చూసుకోవడానికి వచ్చినప్పుడు, గఫూర్ చేతిలోంచి ఆకురాయి జారిపడింది. వంగి తీయబోతే మణికట్టు వాలిపోయింది.

"చెయ్యి పైకి లేస్తా లేదప్పా!" అన్నాడు, ఆ చెయ్యి తనది కానట్టు చూస్తూ.

పురుషోత్తం అప్పటికప్పుడు మదనపల్లెకు తీసుకుపోయాడు. డాక్టరు స్వర్ణలత అతని చిగుళ్ల మీది నల్లటి గీతను టార్చి వేసి చూసింది. ఏం పని చేస్తావని అడిగింది. చెప్పాడు.

"సీసం ఒంట్లోకి పోయింది. రక్తం పరీక్ష చేయాల. ఇంట్లో ఎవరెవరుండారు?"

"నా భార్య ఇష్రత్, కొడుకు మోసిన్, కోడలు నాజియా. కోడలికి ఐదో నెలమ్మా."

ఆమె రాస్తున్న పెన్ను ఆగింది. "నీ పని బట్టలు ఎవరు ఉతుకుతారు?"

"కోడలే," అన్నాడు గఫూర్. రోజూ సాయంత్రం వసారాలో నాజియా అతని చొక్కాను దులిపి, ఆ తర్వాతే నీళ్లలో నానబెడుతుంది.

తిరిగొచ్చేసరికి వసారాలో ఆమె చేతిలో చొక్కా ఉంది.

"ముట్టద్దమ్మా! పడేయ్ దాన్ని!" గేటు దగ్గరే నిలబడి అరిచాడు. నాజియా హడలిపోయి చొక్కా వదిలేసింది. అతను లోపలికి రాలేదు. తన ఒంటి మీద కూడా అదే పొడి ఉంది.

విషయం విని మోసిన్ మండిపడ్డాడు. "మీకు తెలీదా అబ్బా?"

"మంచిది కాదని విన్నాను. ఏమన్నా అయితే నాకే అవుతాది అనుకొన్నా."

అందరి రక్తం పరీక్షల ఫలితాలు వచ్చేదాకా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. నాజియాకు కూడా సీసం ఎక్కువగానే ఉంది.

"కడుపులో బిడ్డకు పోతాదా అమ్మా?" అడిగింది నాజియా.

"పోతాది," అంది డాక్టరు, మెత్తగానే. "ఎంత నష్టమో ఇప్పుడు చెప్పలేం. క్యాల్షియం మాత్రలు తప్పకుండా వేసుకో. ఆ పొడికి దూరంగా ఉండు. కనిపెట్టుకొని ఉందాం."

నాజియా కొన్నాళ్లు పెద్దతిప్పసముద్రంలో పుట్టింట్లో ఉంది. మోసిన్ ముఖానికి మాస్కు కట్టుకొని షెడ్డునూ వసారానూ తడిగుడ్డతో మళ్లీ మళ్లీ తుడిచాడు. గ్రైండరు అమ్మలేదు, ఇంకొకరి ఇంటికి ఆ పొడి పోకూడదని విరగ్గొట్టాడు. పురుషోత్తం ఫియట్ సగం పనితోనే వెళ్లిపోయింది. మందులతో గఫూర్ మణికట్టు కొంచెం లేచింది, పట్టు మాత్రం పూర్తిగా రాలేదు.

పాప నెలలు నిండాకే పుట్టింది, బరువు తక్కువ. ఆసుపత్రిలో ఇష్రత్ ఎత్తుకోమంటే గఫూర్ వెనక్కి జరిగాడు. ఎన్నిసార్లు కడుక్కున్నా గోళ్ల సందుల్లో ఏదో మిగిలినట్టే అనిపించేది. చివరికి నాజియానే పిలిచింది.

"ఎత్తుకో మామూ. ఇప్పుడేం లేదు నీ చేతుల్లో."

రెండు మోచేతుల మధ్య జాగ్రత్తగా పట్టుకొన్నాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

ఇప్పుడు ఆ పిల్ల గోడ పట్టుకొని నడుస్తోంది. మాటలు ఇంకా రాలేదు. కొందరికి ఆలస్యంగా వస్తాయిలే అంటుంది ఇష్రత్. మొన్నటి పరీక్షలో పిల్ల రక్తంలో సీసం తగ్గిందన్నారు. గఫూర్ కోళ్లకు గింజలు వేస్తూ రోజూ పిల్లకు వాటి పేరు చెప్తాడు. చెప్పి, ఆ చిన్న నోటి వైపే చూస్తాడు.